రోడ్డు మార్పు బస్టాపు దగ్గర మొదలవ్వాలి

ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. ఫుట్‌పాత్‌లు వికలాంగులకు కూడా అనువుగా ఉండాలని, వాటి మీది ఆక్రమణలను తొలగించాలని, అందుకు తగిన మార్గదర్శకాలు రాష్ట్రాలు తయారుచేసుకోవాలని ఆదేశించింది. ఆ వార్త చదివి నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. ఆ వారంలోనే మా అమ్మ మియాపూర్‌లోని పిన్ని ఇంటి నుంచి ఒంటరిగా బస్సులో తిరిగివచ్చింది. ఆ సాయంత్రం కళ్లారా చూసినది నన్ను చాలా రోజులు వదల్లేదు, దాని గురించి ఆలోచించగా ఆలోచించగా నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది.

అమ్మకు 68 ఏళ్లు. రెండేళ్ల కిందట కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైన దగ్గర్నుంచీ, ఎవరి బండి కోసమూ ఎదురుచూడకుండా తనంతట తాను చెల్లెలి ఇంటికి వెళ్లిరావడం ఆమెకు ఎంతో ఇష్టమైన పని. మేముండేది హైదరాబాద్ కూకట్‌పల్లిలోని కేపీహెచ్‌బీ కాలనీలో. మియాపూర్ వైపు నుంచి వచ్చే బస్సు రోడ్డుకు అవతలి పక్కన ఆగుతుంది కాబట్టి నేను ముందే అటు వెళ్లి నిలబడ్డాను. బస్సు వచ్చింది గానీ అంచుకు రాలేదు. అంచున నాలుగు ఆటోలు, ఒక సామాను ట్రాలీ ఉన్నాయి. బస్సు వాటి పక్కన, రెండో వరుసలో ఆగింది. అమ్మ తలుపు పక్కనున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని ముందు కుడి కాలు దింపి, ఎడమ కాలు దింపేలోపు, బస్సుకూ ఆటోలకూ మధ్యనున్న సందులోంచి ఒక బైకు దూసుకొచ్చి ఆమె కుచ్చెళ్లకు జానెడు దూరంలో ఆగింది. ఆ కుర్రవాడు విసుక్కోలేదు. "సారీ అమ్మా" అని కాలు కింద పెట్టి ఆగాడు. నిజానికి అతనిది తప్పని అనడానికి నాకు మనసొప్పలేదు. అతను ఉన్నది బండ్లు పోయే చోటులోనే. అమ్మ దిగింది కూడా ఆ చోటులోనే.

ఆ తర్వాత రోడ్డు దాటాలి. ఇది పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్ల నోట ఇప్పటికీ తొమ్మిదో నంబరు హైవే, మా వైపు బొంబాయి రోడ్డు. విజయవాడలో బెంజి సర్కిల్ దాటి బందరు వైపు సాగేది కూడా ఈ రోడ్డే. మధ్యలో మెట్రో స్తంభాలు, వాటి చుట్టూ ఇనుప గ్రిల్లు. ఒక్కో వరుస మూడున్నర మీటర్ల చొప్పున మూడు వరుసలంటే పదిన్నర మీటర్లు. అమ్మ నడక వేగం కాలనీ పార్కులో కొలిచి చూశాను, సెకనుకు 0.8 మీటరు. అంటే డివైడర్ చేరడానికి ఆమెకు 13 సెకన్లు కావాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ 13 సెకన్లలో దాదాపు 180 మీటర్లు వచ్చేస్తుంది. కాబట్టి అమ్మ క్షేమంగా సగం రోడ్డు దాటాలంటే, మూడు వరుసల్లోనూ ఒకేసారి 180 మీటర్ల మేర ఒక్క బండి కూడా ఉండకూడదు. సాయంత్రం ఆరున్నరకు ఆ రోడ్డు మీద అంత ఖాళీ ఎప్పుడు దొరుకుతుంది? మేము పది నిమిషాలకు పైగా నిలబడి, చివరికి కాలేజీ పిల్లల గుంపు ఒకటి చెయ్యి చూపుతూ రోడ్డులోకి దిగితే వాళ్ల వెనకే దాటాం. గ్రిల్లులో ఎవరో ఒక ఊచ వంచి చేసిన సందు ఉంది. ఆ ఊచ మనుషుల చేతులు తగిలీ తగిలీ నున్నగా మెరుస్తోంది.

రద్దీగా ఉండే ప్రధాన రహదారిని అందరికీ పనికొచ్చేలా తిరిగి తీర్చిదిద్దాలని ఇప్పుడు చాలామంది అంటున్నారు. నేనూ అంటాను. అయితే అందరూ ఫుట్‌పాత్ ఎంత వెడల్పు ఉండాలి, సైకిల్ వరుస ఎక్కడ పెట్టాలి, బస్సుకు వేరే వరుస ఇవ్వాలా వద్దా అని కిలోమీటర్ల లెక్కన మొదలుపెడతారు. అలా కాకుండా ఒక్క బస్టాపు దగ్గర, అటూ ఇటూ కలిపి ఓ వంద మీటర్ల మేర మొదలుపెట్టాలన్నది నా అభిప్రాయం. నడిచేవాళ్లు, బస్సు, ఆటో, బైకు, కారు, తోపుడుబండి, దుకాణం మెట్లు, ఇవన్నీ ఒకదాన్నొకటి తాకే చోటు బస్టాపే. అక్కడ కుదిరితే మిగతా రోడ్డు మీద కుదురుతుంది. అక్కడ కుదరకపోతే పది కిలోమీటర్ల అందమైన ఫుట్‌పాత్ వేసినా అమ్మ బస్సు దిగేది రెండో వరుసలోనే.

బస్సు అంచుకు ఎందుకు రాదు

ఆ తర్వాత ఒక సాయంత్రం అదే స్టాపు దగ్గర అరగంట నిలబడి చూశాను. పదకొండు బస్సులు వచ్చాయి, అంచుకు వచ్చినవి రెండే. మొదట నాకూ అందరిలాగే డ్రైవర్ల మీద కోపం వచ్చింది. తర్వాత గమనించిన కొద్దీ సంగతి అర్థమైంది. ఆ స్టాపు దగ్గర ఫుట్‌పాత్‌ను లోపలికి కోసి, బస్సు పక్కకు తప్పుకుని ఆగడానికి ఒక గూడులాంటి చోటు వదిలారు. దాన్ని బస్ బే అంటారు. బస్సు పక్కకు తప్పుకుంటే వెనక వచ్చే బండ్లకు అడ్డం ఉండదన్నది దాని ఉద్దేశం. కానీ ఒకసారి లోపలికి దూరిన బస్సు మళ్లీ బయటికి రావాలంటే ఎవరో ఒకరు దారి ఇవ్వాలి. ఆ రద్దీలో ఎవరూ ఇవ్వరు. అది తెలిసిన డ్రైవరు లోపలికి రాడు. ఆ గూడు ఖాళీగా ఉంది కాబట్టి ఆటోలు చేరతాయి. ఆటోలు చేరాయి కాబట్టి ప్రయాణికులు బస్సు కనిపించడానికి రోడ్డు మీదికి జరుగుతారు. వాళ్లు జరిగే కొద్దీ బస్సు ఇంకా అవతలికి పోయి ఆగుతుంది. ఎవరికి వారు తమ పని చూసుకుంటున్నారు, అంతే. కీలకమంతా ఆ గూడు ఆకారంలో ఉంది.

అక్కడున్న ఆటో డ్రైవరును ఒకతన్ని అడిగాను, కొంచెం ముందుకు జరిపి పెట్టుకోవచ్చు కదా అని. "బస్సు దిగినోళ్లే కదన్నా మాకు గిరాకీ. ముందుకు పోతే అక్కడ ఇంకొకడు నిలబెడతడు, నేను ఖాళీగ పోవాలె" అన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. బస్సు దిగి లోపలి కాలనీలకు పోయేవాళ్లకు షేర్ ఆటో కావాలి. బస్సు, ఆటో రెండూ ఒక ప్రయాణంలోనే రెండు ముక్కలు. వాటిని ఒకచోటే ఆగనిచ్చి ఒకదానికొకటి అడ్డుపడేలా చేసింది మన రోడ్డే.

దీనికి మందు ఆ గూడును పూడ్చి, తిరగేయడం. ఫుట్‌పాత్‌ను లోపలికి కోయడానికి బదులు ఎడమ వరుస అంచు దాకా ముందుకు తీసుకురావాలి. అప్పుడు బస్సు తన వరుసలోంచి కదలకుండానే ఆగుతుంది, ప్రయాణికులు బస్సు మెట్టు మీంచి నేరుగా ఫుట్‌పాత్ మీద అడుగుపెడతారు. మధ్యలో సందు లేదు కాబట్టి అందులోంచి బైకు దూరే ప్రశ్న లేదు. స్టాపు దాటాక ఇరవై ముప్ఫై అడుగుల దూరంలో, దిగినవాళ్లకు కనిపించేలా, ఆటోలకు గీతలు గీసి చోటు ఇవ్వాలి. ఆటోను తరిమేస్తే పది నిమిషాల్లో తిరిగివస్తుంది. దానికంటూ ఒక చోటు ఇస్తే నిలబడుతుంది.

ఫుట్‌పాత్ ఎత్తు గురించి కూడా ఒక మాట. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాల్లో, ఫుట్‌పాత్ మీద అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్ల నడక దారి ఉండాలని, ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని రాసి ఉంది. ఆ స్టాపు దగ్గర నేను ఇంటి నుంచి టేపు తీసుకెళ్లి కొలిచాను. ఒకచోట 28 సెంటీమీటర్లు వచ్చింది. మోకాలి ఆపరేషన్ అయిన మనిషికి అది మెట్టు కాదు, గోడ. అందుకే అమ్మలాంటివాళ్లు ఫుట్‌పాత్ ఉన్నచోట కూడా దాన్ని ఎక్కకుండా రోడ్డు అంచు పట్టుకుని నడుస్తారు. "ఫుట్‌పాత్ వేసినా జనం వాడరు" అనేవాళ్లు ఒక్కసారి టేపు పట్టుకుని వెళ్లి చూడాలి.

వెనక ఆగిన బండ్ల సంగతి

ఈ మాట చెప్పగానే ఎదురయ్యే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. బస్సు వరుసలోనే ఆగితే దాని వెనక కార్లన్నీ ఆగిపోవా? ఆగుతాయి. ఇరవై సెకన్లో, ముప్ఫై సెకన్లో ఆగుతాయి. నేను ఆఫీసుకు పోయేది బైకు మీదే కాబట్టి నేనూ ఆగుతాను. అయితే ఇప్పుడు జరుగుతున్నదేమిటో కూడా చూడాలి. బస్సు ఏటవాలుగా రెండు వరుసలకు అడ్డంగా ఆగుతోంది, దాన్ని తప్పించుకోవడానికి మూడో వరుసలోకి అందరూ ఒకేసారి దూరుతున్నారు. ఒక వరుస ఆగవలసిన చోట రెండున్నర వరుసలు ఆగుతున్నాయి. ఎడమ వరుస బస్సుదని అందరికీ తెలిస్తే, ఆగడం ఇష్టం లేనివాళ్లు ముందుగానే పక్క వరుసలోకి వెళ్లిపోతారు.

అయినా ఆ ముప్ఫై సెకన్లలో ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారన్నది అసలు ప్రశ్న. ఊరికే లెక్క వేసి చూద్దాం. నిమిషానికి ఒక బస్సు, బస్సుకు అరవై మంది చొప్పున వెళ్తే ఒక వరుసలో గంటకు 3,600 మంది పోతారు. ఆ వరుసనే కార్లకు ఇచ్చి, గంటకు వెయ్యి కార్లు, కారుకు సగటున ఒకటిన్నర మంది అనుకుంటే పోయేది 1,500 మంది. కదలవలసింది మనుషులు, వాహనాలు కావు అని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. ఆ మాట కాగితం మీదికి వచ్చి సుమారు ఇరవై ఏళ్లయింది. రోడ్డు మీద మాత్రం ఇప్పటికీ బస్సును ఒక వాహనంగానే లెక్కిస్తున్నాం.

ఇక్కడ నాకు ఒక సందేహం మిగిలి ఉంది, దాచుకోను. బైకుల వాళ్ల సంగతి ఏమిటి? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు, 19.5 శాతం నడిచేవాళ్లు. అంటే చనిపోయిన ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఈ రెండు రకాలవాళ్లే. అన్ని రకాల ప్రయాణికుల గురించి మాట్లాడేవాళ్లు నడక, సైకిలు, బస్సు అని మూడు పేర్లు చెప్పి ఊరుకుంటారు. మన ఊళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే బైకు గురించి ఏమీ చెప్పరు. బైకు నడిపేవాడు అటు కారు వేగానికి, ఇటు బస్సు బరువుకు మధ్య నలిగేవాడు. అతనికి ప్రత్యేక వరుస ఇచ్చే వెడల్పు ఈ రోడ్డుకు లేదు. నాకు తోచినంతలో అతనికి మేలు చేయగలిగింది ఒక్కటే, మొత్తం రోడ్డు వేగం తగ్గడం. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ లెక్క బైకు మీద ఉన్న నాకూ, రోడ్డు దాటే అమ్మకూ ఒకేలా వర్తిస్తుంది.

"ఇది హైవే, ఇక్కడ వేగం తగ్గించకూడదు" అనేది ఆ వెంటనే వచ్చే మాట. ఒకప్పుడు అది నిజమే. కానీ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక, పటాన్‌చెరు దగ్గర ఎక్కిన లారీ ఊళ్లోకి రాకుండానే పెద్ద అంబర్‌పేట దగ్గర విజయవాడ రోడ్డులో దిగవచ్చు. దూరం పోయే బండికి వేరే దారి ఇచ్చాం. అలాంటప్పుడు కూకట్‌పల్లిలో ఉన్న ముక్కకు ఇంకా హైవే వేగం ఎందుకు? ఈ రోడ్డు రెండు పక్కలా ఇళ్లు, బడులు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, ఆస్పత్రులు ఉన్నాయి. హైవే అన్న పేరు మిగిలింది గానీ పని మారింది.

మెట్రో ఉందిగా, వంతెన ఉందిగా

మా కాలనీలో పెద్దాయన ఒకరు, ఇంజినీరుగా పనిచేసి రిటైరైనవారు, నా మాటలన్నీ ఓపికగా విని అడిగారు: "మెట్రో స్టేషన్‌లోంచి అటు దాటవచ్చు కదండీ, లిఫ్టు కూడా ఉంది. ఆపైన ఫుట్ ఓవర్ బ్రిడ్జి వేయించుకోండి. కింద సిగ్నల్ పెట్టి బండ్లన్నీ ఆపడం దేనికి?" ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. 2017 నవంబరులో మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోలు దాకా మెట్రో మొదలైనప్పుడు నేను ఎంత ఆనందపడ్డానో చెప్పలేను. టికెట్ లేకుండానే స్టేషన్ ఒక పక్క ఎక్కి మరో పక్క దిగవచ్చన్నదీ నిజమే. నేను చాలాసార్లు అలాగే దాటాను.

కానీ ఒక స్టేషన్‌కూ మరో స్టేషన్‌కూ మధ్య దూరం ఇంచుమించు కిలోమీటరు. మధ్యలో దిగిన మనిషి అర కిలోమీటరు నడిచి, ఎక్కి, దిగి, మళ్లీ అర కిలోమీటరు వెనక్కి నడవాలి. పదిన్నర మీటర్ల రోడ్డు రెండుసార్లు దాటడానికి బదులు ఒక కిలోమీటరు నడక. మోకాళ్ల నొప్పులున్న మనిషికి, చంకలో బిడ్డ ఉన్న తల్లికి, తల మీద కూరగాయల మూట ఉన్న ఆమెకు ఇది దారి కాదు. ఇక వంతెనల సంగతి. నేను వాటికి పూర్తి వ్యతిరేకిని కాను. ఉప్పల్‌లో 2023లో కట్టిన స్కైవాక్ లాంటిది, నాలుగు రోడ్లనూ మెట్రో స్టేషన్‌నూ కలుపుతూ, లిఫ్టులు, ఎస్కలేటర్లతో ఉంటే అది వేరే మాట. రోడ్డు మధ్యలో వేసే మామూలు ఇనుప వంతెన మాత్రం బండ్లను నేల మీద ఉంచి మనిషిని మేడ ఎక్కిస్తుంది. అలసట ఎరగని యంత్రానికి చదునైన దారి, అలసిపోయే శరీరానికి మెట్లు. ఈ ఏర్పాటు న్యాయమని నేను ఎంత ప్రయత్నించినా ఒప్పుకోలేకపోతున్నాను.

వంతెన కన్నా ఎక్కువ నష్టం చేసింది యూ-టర్న్ అని నా అనుమానం. కూడళ్లు మూసేసి, సిగ్నళ్లు తీసేసి, ముందుకు వెళ్లి యూ-టర్న్ తీసుకోమన్నాక బండ్లు ఆగకుండా పోతున్నాయి. బైకు మీద వెళ్లేటప్పుడు నాకూ హాయిగానే ఉంది. కానీ కూడలిలో ఎర్రలైటు పడ్డ ఆ అరనిమిషమే నడిచేవాడికి దొరికే ఒకే ఒక్క ఖాళీ. ఆ ఎర్రలైటు పోవడంతో మూడు వరుసల్లో 180 మీటర్ల ఖాళీ దొరికే క్షణమే రోజులో లేకుండా పోయింది. నడిచేవాడి సమయాన్ని తీసి బండికి ఇచ్చాం. ఇచ్చేటప్పుడు అతన్ని అడగలేదు.

కాబట్టి స్టాపు పక్కనే, బస్సుకు వెనకవైపున, నేల మీదే దాటే చోటు ఉండాలి. వెనకవైపు అని ప్రత్యేకించి అనడానికి కారణం, బస్సు ముందు నుంచి దాటేవాళ్లు బస్సు చాటున పక్క వరుసలో వచ్చే బండికి కనిపించరు. దాటే దారిని రోడ్డు కన్నా కొంచెం ఎత్తుగా, ఫుట్‌పాత్‌తో సమానంగా వేస్తే అమ్మ దిగి ఎక్కాల్సిన పని ఉండదు, బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. మధ్యలో మెట్రో స్తంభాల వరుస ఎలాగూ వెడల్పుగానే ఉంది. రెండు స్తంభాల మధ్య నాలుగు మీటర్ల మేర గ్రిల్లు, పూలమొక్కలు తీసేస్తే అక్కడ నిలబడి ఊపిరి తీసుకుని రెండో సగం దాటవచ్చు. నొక్కితే ఎర్రలైటు పడే సిగ్నల్ ఒకటి పెడితే, ఒక్కో సగానికి ఇరవై సెకన్లు చాలు.

ఢిల్లీలో ఏమైంది

రోడ్డును మనుషుల లెక్కన పంచడం మన దేశంలో కొత్తేమీ కాదు. ఢిల్లీలో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల మేర 2008లో బస్సులకు నడిమధ్య వరుసలు ఇచ్చారు. బస్సులు వేగంగా వెళ్లాయి, కార్లు చాలాసేపు ఆగాయి, పత్రికలూ టీవీలూ దుమ్మెత్తిపోశాయి. దాన్ని ఎత్తేయాలని కోర్టుకు వెళ్తే 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. అయినా చివరికి 2016లో ఆ కారిడార్‌ను పగలగొట్టారు. బస్సులకు వరుస ఇవ్వడం తప్పని దాన్నిబట్టి చాలామంది తేల్చేశారు. నేను అలా అనుకోను గానీ, అక్కడ జరిగిన ఒక పొరపాటు నుంచి మాత్రం నేర్చుకోవాలి. బస్టాపులు రోడ్డు నడిమధ్య ఉన్నందువల్ల ఎక్కినా దిగినా ప్రతి ప్రయాణికుడూ కార్ల వరుసలు దాటవలసి వచ్చింది. బస్సు గురించి బాగా ఆలోచించారు. బస్సు దిగిన మనిషి తర్వాతి పది అడుగుల గురించి అంత ఆలోచించలేదు.

మన విజయవాడ, విశాఖపట్నాల్లో కూడా జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర పట్టణాభివృద్ధి పథకం డబ్బుతో బీఆర్‌టీఎస్ రోడ్లు, అంటే బస్సులకు ప్రత్యేక వరుసలుండే రోడ్లు వేశారు. విశాఖలో పెందుర్తి కారిడార్, సింహాచలం కారిడార్ అందరికీ తెలిసినవే. రోడ్లు వెడల్పయ్యాయి, ఆ మేరకు మేలు జరిగింది. కానీ ఈ రోజు విజయవాడలో ఎవరైనా "బీఆర్‌టీఎస్ రోడ్డు" అంటే అది ఒక చిరునామా. బస్సుకు ఇస్తామన్న ప్రత్యేకత పేరులో మాత్రమే నిలిచింది. బెంగళూరులో 2019లో సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్.పురం దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎడమ అంచున బస్సుల వరుస పెట్టినప్పుడు నాకు ఆశ కలిగింది. అది కూడా మెట్రో పనులు మొదలయ్యాక నిలవలేదు. ఇన్ని ఉదాహరణల్లోనూ పని పెద్ద ఎత్తున, పొడవాటి కారిడార్‌గా మొదలైంది. పొడవుగా మొదలైనదానికి వ్యతిరేకత కూడా పొడవుగానే ఉంటుంది. వంద మీటర్ల మార్పును జనం వాడి చూసి, బాగుంటే పక్క స్టాపుకు అడుగుతారు. నేను చిన్నగా మొదలుపెట్టమనడానికి ధైర్యం లేకపోవడం కారణం కాదు. ఇంతకుముందు పెద్దగా మొదలుపెట్టినవి ఏమయ్యాయో చూసి అంటున్నాను.

చెన్నై పాండీబజారు నాకు ఎక్కువ నచ్చిన ఉదాహరణ. అక్కడి త్యాగరాయ రోడ్డులో రెండు పక్కలా ఫుట్‌పాత్‌లను వెడల్పు చేసి 2019లో ప్రారంభించారు, కార్లకు దగ్గరలో బహుళ అంతస్తుల పార్కింగ్ కట్టారు. పెళ్లి బట్టల కోసం వెళ్లినప్పుడు చూశాను, పెద్దవాళ్లు రోడ్డు పక్కన బల్లల మీద కూర్చుని, మిగతావాళ్లు చీరలు చూసి వచ్చేదాకా తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటున్నారు. అయితే అది బజారు రోడ్డు, మాది హైవే ముక్క, రెండూ ఒకటి కావన్న మాట ఒప్పుకుంటాను. దుకాణం ముందు కారు ఆగకపోతే బేరాలు పోతాయన్న మా దుకాణదారుల భయాన్ని కూడా కొట్టిపారేయలేను. ఏళ్ల తరబడి అద్దె కట్టి నిలదొక్కుకున్నవాళ్లు వాళ్లు. పార్కింగ్‌కు పక్క వీధిలో చోటు చూపించకుండా వాళ్ల ముందున్న చోటు తీసుకోవడం తప్పు.

సైకిళ్ల గురించి ఎక్కువ చెప్పలేను. మా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి పైన సౌర ఫలకాలతో నీడ కూడా కల్పించారు, మంచి పని. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సైకిలు మాత్రం ఆ దారిలో పోదు, మూసాపేట వైపు ఈ రోడ్డు మీదే పోతుంది. అతనికి ఈ రోడ్డు మీద వేరే వరుస ఇచ్చే చోటు నాకు కనిపించలేదు. కాలనీల లోపలి వీధులను కలిపితే అతనికి మేలైన దారి దొరకవచ్చు.

జొన్నరొట్టెల బండి

ఆ స్టాపు దగ్గర సాయంత్రం ఆరుకల్లా ఒకామె జొన్నరొట్టెల బండి పెడుతుంది. పొయ్యి, పెనం, ఒక బ్యాటరీ లైటు, రెండు ప్లాస్టిక్ స్టూళ్లు. ఫుట్‌పాత్ ఆక్రమణలు తొలగించాలని కోర్టు చెప్పినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ బండే. నిజమే, నడిచే దారిలో సగం అదే ఆక్రమిస్తోంది. కానీ రాత్రి తొమ్మిదిన్నరకు కోచింగ్ సెంటర్ వదిలాక వచ్చే ఆడపిల్లలు స్టాపు షెల్టర్ కింద నిలబడరు, ఆ బండి దగ్గర నిలబడతారు. ఎందుకని ఒక అమ్మాయిని అడిగాను. "అక్కడ చీకటిగా ఉంటుందండీ. ఇక్కడ ఆంటీ ఉంటది" అంది. స్టాపులో లేని వెలుగునూ, తోడునూ ఇస్తున్నది ఆ బండే.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్ల జీవనోపాధిని గుర్తించి, వాళ్లకు చోటు కేటాయించాలని చెప్పింది. కోర్టు చెప్పిన నడిచే హక్కుకూ, ఈ చట్టం ఇచ్చిన హక్కుకూ మధ్య తగవు ఉందని కొందరు అంటారు. చోటు లేదనుకుంటే తగవే. స్టాపు దగ్గర ఫుట్‌పాత్‌ను గూడు పూడ్చి రోడ్డు వైపు మూడు మీటర్లు ముందుకు తెస్తే, నడిచే దారి 1.8 మీటర్లు పోగా, షెల్టర్ పక్కన ఆమె బండికి చోటు మిగులుతుంది. నేను గీసుకున్న బొమ్మలో ఆమె బండిని స్టాపులో భాగంగానే గీశాను. వీధి దీపం, చెట్టు ఎలాగో బండి కూడా అలాగే.

ఇవన్నీ కలిపి మా కాలనీవాళ్లం నలుగురం ఒక అర్జీ రాశాం. అడిగింది ఒక్క స్టాపు గురించే: గూడు పూడ్చడం, ఫుట్‌పాత్ ముందుకు తేవడం, ఎత్తు తగ్గించడం, వెనకవైపు దాటే దారి, నొక్కే సిగ్నల్, ఆటోలకు గీతలు, రొట్టెల బండికి చోటు. రిటైరైన ఆ ఇంజినీరుగారు వంతెన మీద తన అభిప్రాయం మార్చుకోలేదు గానీ, కొలతలన్నీ సరిచూసి బొమ్మను శుభ్రంగా తిరిగి గీసిచ్చారు. అర్జీ తీసుకున్న అధికారి మర్యాదగానే మాట్లాడారు. ఆ చోట గంటకు ఎన్ని వాహనాలు పోతాయో లెక్క తమ దగ్గర ఉందని, ఎంతమంది మనుషులు దాటుతారో, ఎక్కుతారో, దిగుతారో లెక్క ఏదీ లేదని, అది లేకుండా ఫైలు కదలడం కష్టమని చెప్పారు.

కాబట్టి వచ్చే సోమవారం ఉదయం ఎనిమిది నుంచి పది దాకా మేము నలుగురం ఆ స్టాపుకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు పుస్తకాలు పట్టుకుని నిలబడబోతున్నాం. బస్సు వస్తే ఒక గీత గీయం. దిగినవాళ్లను ఒక్కొక్కరిని చూసి ఒక్కో గీత గీస్తాం. కర్ర పట్టుకున్నవాళ్లకు, బిడ్డను ఎత్తుకున్నవాళ్లకు, మూటలు మోసేవాళ్లకు పక్కన వేరే గళ్లు ఇంజినీరుగారు గీసి ఉంచారు. ఆటోలు లెక్కపెట్టే పని అమ్మ తీసుకుంది, జొన్నరొట్టెల ఆమె తన స్టూలు పొద్దున్నే తెచ్చి ఇస్తానంది.